మావయ్యకి నేనిచ్చిన వణుకుడు ఫోను

ఒక మనిషి తన పెళ్ళి తానే చెడగొట్టుకోవడానికి ఎన్ని దారులున్నాయో నాకు తెలియదు గానీ, నేను ఎంచుకున్న దారి మాత్రం నాకు ముందు ఎవరూ తొక్కి ఉండరని ధైర్యంగా చెప్పగలను. నేను తాగలేదు, అబద్ధమాడలేదు, పెళ్ళిచూపుల్లో పకోడీలు రెండోసారి అడగలేదు. కళ్ళు కనిపించని మా మావయ్యకి ఒక టచ్ ఫోను కొనిచ్చాను. అంతే. మిగతా సర్వనాశనమంతా ఆ ఫోనే దగ్గరుండి చూసుకుంది.

టచ్ ఫోన్లు బందరు కొట్లలో అప్పుడప్పుడే అద్దాల బీరువాల్లో కనిపిస్తున్న రోజులవి. నేను బందరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడికి బంధువుల్లో ఉండే హోదా మీకు తెలిసే ఉంటుంది. టీవీలో బొమ్మ రాకపోయినా, గ్రైండరు తిరగకపోయినా, గోడ గడియారం ఆగిపోయినా "మురళిని అడగండి" అనేవారు. అడిగిన వాళ్ళందరికీ నేను జవాబు చెప్పేవాణ్ణి. తెలిసి చెప్పేవాణ్ణా అని మాత్రం మీరు అడక్కూడదు.

మావయ్య అంటే మా అమ్మకి సొంత అన్నయ్య, విశ్వనాథం మాస్టారు. అవనిగడ్డలో ఉంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కంటి నరం జబ్బుతో చూపు మెల్లమెల్లగా సన్నగిల్లి, రిటైరైన కొన్నాళ్ళకి పూర్తిగా పోయింది. అయినా ఆయన దిగులుపడి కూర్చోలేదు. పొద్దున్నే పడక్కుర్చీ వీధి అరుగు మీద వేయించుకుని, చేతిలో సెల్‌ఫోను పట్టుకుని, దివిసీమ మొత్తం తిరిగొచ్చేవారు. పాత విద్యార్థుల యోగక్షేమాలు, కాలవకి నీళ్ళు వదిలారా లేదా, ఎవరింట్లో పెళ్ళీడు పిల్లలున్నారు, ఇవన్నీ ఆయనకి కావాలి. సంబంధాలు కుదర్చడం ఆయనకి సరదా. ఆయన కుదిర్చిన జంటలు తర్వాత పోట్లాడుకున్నా, ఆ తగువు తీర్చమని మళ్ళీ ఆయనకే ఫోన్ చేసేవారు.

ఆయన ఫోను మామూలు బొత్తాల ఫోను. దాంట్లో ఐదు అంకె మీద ఒక చిన్న బొడిపె ఉంటుంది. మీరు గమనించి ఉండరు, కళ్ళున్నవాళ్ళకి దాంతో పనిలేదు. మావయ్య బొటనవేలు ఆ బొడిపె మీద ఆనించి, అక్కణ్ణించి పైకీ కిందకీ పక్కకీ జరిపి, ఎంత పెద్ద నంబరైనా తడుముకోకుండా కొట్టేవారు. నంబర్లన్నీ నోటికొచ్చు. ఫోను మోగితే ఎడమచేతి వైపు పై బొత్తం, పెట్టెయ్యాలంటే కుడిచేతి వైపుది. ఇంత చక్కగా నడిచిపోతున్న వ్యవహారంలో నేను వేలు పెట్టాను. ఆ మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అప్పటికి మావయ్య నాకు గుడివాడలో ఒక సంబంధం చూశారు. అమ్మాయి పేరు ఉష, అక్కడే స్కూల్లో సైన్సు టీచరు. వాళ్ళ నాన్న సత్యనారాయణ గారు బ్యాంకులో పనిచేస్తారు. చిన్నప్పుడు అవనిగడ్డలో మావయ్య దగ్గర లెక్కలు నేర్చుకున్న మనిషి. పెళ్ళిచూపులు అయ్యాయి. ఉష నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మీరు పాఠం చెప్పాక పిల్లలకి అర్థమైందో లేదో ఎలా తెలుసుకుంటారండీ?"

"నాకు తెలిసిపోతుందండీ" అన్నాను.

ఆమె తలూపింది. అది మెచ్చుకోలనుకుని బందరు వచ్చేదాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

వచ్చేముందు సత్యనారాయణ గారు "ఇంట్లో మాట్లాడుకుని ఏ సంగతీ మాస్టారికి ఫోన్ చేసి చెప్తామండీ" అన్నారు. అది మర్యాద. సంబంధం తెచ్చినవారి ద్వారానే జవాబు రావాలి. అంటే నా జీవితం మొత్తం ఇప్పుడు మావయ్య ఫోను మీద ఆధారపడి ఉందన్నమాట. సరిగ్గా ఆ వారంలోనే, ఇంత మంచి సంబంధం చూసినందుకు మావయ్యకి ఏదైనా ఇవ్వాలని నాకు బుద్ధి పుట్టింది.

కొట్లో కుర్రవాడు అద్దం పలక లాంటి ఫోనొకటి తీసి నా ముందు పెట్టాడు.

"బొత్తాలు లేవు సార్. ఇలా వేలు పెడితే చాలు."

"బొత్తం లేకపోతే నొక్కినట్టు ఎలా తెలుస్తుందండీ?"

"అదే సార్ దీని గొప్ప. వేలు పెట్టగానే లోపల చిన్న మోటారు వణుకుతుంది. నొక్కామని మన చేతికే తెలిసిపోతుంది. చూడక్కర్లేదు కూడా."

పాపం, అతను మామూలుగానే అన్నాడు. నా బుర్రలో మాత్రం ఆ "చూడక్కర్లేదు" అన్న మాట దగ్గర దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. చూడక్కర్లేని ఫోను. చూపు లేని మావయ్య. ఈ రెండింటినీ కలిపే ఆలోచన ఈ ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ రాలేదంటే నా మీద నాకే గౌరవం పెరిగింది. అక్కడికక్కడే కళ్ళు మూసుకుని పరీక్ష కూడా చేశాను. అద్దం మీద వేలు పెట్టాను, గుర్రుమంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ గుర్రుమంది. ఆ పరీక్షలో ఇంకో చిన్న సంగతి కూడా జరిగింది గానీ, అది ఇప్పుడే చెబితే మీకు నా మీద ఉన్న కాస్త మర్యాదా పోతుంది. తర్వాత చెప్తాను.

ఆ ఆదివారమే చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళాను. మావయ్య ఫోను చేతిలోకి తీసుకుని ముందూ వెనకా తడిమారు.

"ఇదేంట్రా, పలకలా ఉంది. బొత్తాలేవి?"

"లేవు మావయ్యా. అదే దీని ప్రత్యేకత. ఒకసారి ముట్టుకోండి."

ముట్టుకున్నారు. గుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ఏంటి, కరెంటు కొట్టిందా?" అంటూ సుశీలత్తయ్య వంటింట్లోంచి అట్లకాడతో సహా వచ్చింది.

"కొట్టలేదే. వణికింది. జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉంది."

"అది మీ వేలికి జవాబు చెప్తోంది మావయ్యా" అన్నాను, క్లాసులో వాడే గొంతుతో.

"ఏమని?"

"మీరు నొక్కారని."

మావయ్య ఫోనుని ఇంకోసారి తడిమారు. "నేను నొక్కానని నాకు తెలుసు కదరా" అన్నారు.

తెలివైనవాడెవడైనా అక్కడ ఆగిపోయేవాడు. నేను ఆగలేదు. స్పర్శ గురించీ, రాబోయే కాలం గురించీ చాలాసేపు మాట్లాడాను. ఫోను మోత కూడా తీసేసి వణుకు మాత్రమే ఉంచాను. "గుళ్ళో ఉన్నా, పురాణ కాలక్షేపంలో ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు, అన్నీ మీ చేతికే తెలుస్తాయి" అని చెప్పాను. అత్తయ్య మాత్రం "ఆ పాతది కూడా ఉండనీ మురళీ" అంది.

"వద్దత్తయ్యా. రెండూ ఉంటే ఆయన కొత్తదానికి అలవాటు పడరు" అని పాత ఫోను నా సంచిలో వేసుకున్నాను. ఈతకి అలవాటు పడాలని పడవ లాక్కుని పోయినట్టన్నమాట.

"బాగుందిరా. చాలా బాగుంది" అన్నారు మావయ్య, ఆ అద్దాన్ని రెండు చేతులతో కోడిగుడ్డులా పట్టుకుని.

తర్వాత జరిగిందంతా నాకు అప్పటికప్పుడు తెలియలేదు. తలో ముక్కా తర్వాత చెప్పారు.

మొదట జరిగిందేమిటంటే, మావయ్య లేని ఫోన్లకి హలో చెప్పడం మొదలెట్టారు. ఫోను లాల్చీ జేబులో ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే వణుకుతుంది. ఎవరో ఫోన్ చేస్తున్నారనుకుని బయటికి తీస్తారు. తీసేటప్పుడు వేళ్ళు తగిలి ఇంకా వణుకుతుంది. పాపం ఎవరో తొందరలో ఉన్నారనుకుని "హలో, చెప్పండి, విశ్వనాథాన్ని" అంటారు. అవతల ఎవరూ ఉండరు. పెట్టెయ్యబోతే మళ్ళీ వణుకుతుంది. "ఆ, చెప్పండి చెప్పండి." వీధిలో వెళ్ళేవాళ్ళు మాస్టారికి పెద్దతనం వచ్చేసిందని చెవులు కొరుక్కున్నారట.

రెండోది, ఆయన ఫోన్ చేసినవాళ్ళు వేరు, పలికినవాళ్ళు వేరు. ఎక్కడ వేలు పెట్టినా అది ఒకేలా గుర్రుమంటుంది. రెండుకీ అంతే, ఎనిమిదికీ అంతే, ఖాళీ చోటుకీ దాదాపు అంతే. మా జాతకాల గురించి పురోహితుడికి చేయబోతే పశువుల డాక్టరు గారికి వెళ్ళింది.

"అబ్బాయి విషయం చూశారా అండీ?" అన్నారు మావయ్య.

"చూడకుండా ఎలా చెప్తామండీ? ముందు తీసుకురండి. మేత తింటోందా?" అన్నారు డాక్టరు గారు.

ఈ హలోల సంగతి అత్తయ్య పక్కింటి వాళ్ళ ఫోను నుంచి నాకు చెప్పింది. మావయ్య చేతికి ఫోను ఇప్పించి, ఎంతో ఓపిగ్గా సలహా చెప్పాను. "మావయ్యా, మీరు ముట్టుకున్నందుకే అది వణుకుతోంది. వణికిన ప్రతిసారీ హలో అనకండి. పట్టించుకోకండి."

"పట్టించుకోనంటావా?"

"అసలు పట్టించుకోకండి."

మావయ్య జన్మలో ఒకరి మాట కాదన్న మనిషి కాదు. ఆ క్షణం నుంచి పట్టించుకోవడం మానేశారు. ఆ సాయంత్రమే గుడివాడ నుంచి సత్యనారాయణ గారు ఫోన్ చేశారు. జేబులో వణికింది. మావయ్య పురాణం వింటూ, చీమ పాకినట్టు ఒకసారి జేబు మీద తట్టి ఊరుకున్నారు. మర్నాడు చేశారు. మళ్ళీ తట్టారు. నేను చేస్తే నన్నూ తట్టారు. నా ఫోను కూడా ఎత్తకపోయేసరికి నాకు అప్పుడైనా వెలగాలి. వెలగలేదు. ఎప్పట్లాగే పక్కింటి వాళ్ళకి చేసి "గుడివాడ వాళ్ళు ఏమైనా చెప్పారా మావయ్యా?" అని అడిగాను.

"లేదురా. ఇంకా ఫోన్ రాలేదు" అన్నారాయన, చాలా బాధగా.

గుడివాడలో కథ ఇంకోలా నడుస్తోంది. "మాస్టారు కావాలనే ఫోన్ ఎత్తడం లేదమ్మా. అబ్బాయి వాళ్ళకి ఇష్టం లేదనుకుంటా. ఆ మాట నాతో చెప్పలేక మొహమాటపడుతున్నారు" అన్నారట సత్యనారాయణ గారు ఉషతో. అనడమే కాదు, బంటుమిల్లి నుంచి ఎవరో చెప్పిన సంబంధం వాళ్ళని పై వారం రమ్మందామా అని కూడా ఆలోచిస్తున్నారట. ఇటు నేను ఉషకి నచ్చలేదని బందరులో అన్నం మానేసి, బదులుగా టిఫిన్లు ఎక్కువ తింటున్నాను.

ఇంతలో మావయ్య మా అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నారు. అత్తయ్య వంటపనిలో ఉంది. ఆయనే వేళ్ళతో వెతుక్కుంటూ ఎక్కడో నొక్కారు. ఫోను గుర్రుమంది, మోగింది, అవతల ఎవరో ఎత్తారు. ఎత్తకుండా వదిలేసిన నంబర్లలో ఒకటైన గుడివాడ నంబరుకి అది వెళ్ళింది. సత్యనారాయణ గారు ఫోను ఇంట్లో వదిలి బజారుకెళ్ళారు. ఎత్తింది ఉష.

"సరోజా, అన్నయ్యని. నువ్వు మధ్యలో మాట్లాడకు. ఈ ఫోను ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు" అని మొదలెట్టారు మావయ్య. ఉష హలో కూడా అనలేదు.

"నీ కొడుకు ఇచ్చిన ఫోను నాకు పనికిరాలేదమ్మా. వాడితో అనలేను. ఎంత ఆశగా తెచ్చాడో గొంతులోనే తెలిసింది. నేను బాగుందన్నాను. ఇప్పుడు బాగులేదంటే చిన్నబుచ్చుకుంటాడు. పది మందితో మాట్లాడేవాణ్ణి, ఇప్పుడు ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. సరే, నా సంగతి వదిలెయ్. గుడివాడ వాళ్ళు ఉలుకూ పలుకూ లేరు. మన మురళి నచ్చలేదేమో. వాడికెలా చెప్పాలో తోచడం లేదు. మంచివాడే సరోజా. కాకపోతే ఎదుటివాళ్ళకి ఏం కావాలో వాళ్ళకంటే ముందే తనకి తెలుసనుకుంటాడు. ఆ సత్యనారాయణకి నేనే చేద్దునా అంటే, వాడితో చిన్నప్పణ్ణించీ ఇదే ఇబ్బంది. ఒక లెక్క అడిగితే అధ్యాయమంతా అప్పజెప్తాడు. ఆ పిల్ల మాత్రం బంగారం. మనింటికి వస్తే బాగుండునని నాకు ఎంతో ఉంది."

ఉషకి నవ్వూ, కళ్ళలో నీళ్ళూ ఒకేసారి వచ్చాయట. మెల్లగా "మాస్టారండీ, నేను ఉషనండి, గుడివాడ నుంచి" అంది.

అవతల పడక్కుర్చీ కిర్రుమంది. తర్వాత మావయ్య "అమ్మా, నేను ఎవరికి చేశానమ్మా?" అన్నారు.

"సరైన చోటికే చేశారండీ. మీ మేనల్లుడుగారి నంబరు చెప్పండి" అంది ఉష.

అదే మధ్యాహ్నం నాకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను.

"మురళి గారాండీ? మీరు చూపులేని పెద్దాయనకి టచ్ ఫోన్ ఇచ్చారట. దాని గురించి అడుగుదామని."

ఏ పత్రిక వాళ్ళో అనుకున్నాను. నా ఆలోచన బయటికి పొక్కి, ఎవరో రాయడానికి వివరాలు అడుగుతున్నారని నాకు నమ్మకం కలిగింది. గొంతు సవరించుకున్నాను. పక్కనున్న లెక్చరర్లకి కూడా వినబడేలా చెప్పాను.

"చాలా సులువండీ. చూపు పోయినవాళ్ళకి వేలే కన్ను. అద్దం వణుకుతుంది కాబట్టి నొక్కినట్టు తెలిసిపోతుంది."

"మీరు కళ్ళు మూసుకుని నొక్కి చూశారా?"

"చూడకుండా ఎలా ఇస్తానండీ? కొట్లోనే పరీక్ష చేశాను."

"ఏం నొక్కారు?"

"తొమ్మిది."

"తొమ్మిది పడిందాండీ?"

తర్వాత చెప్తానన్న చిన్న సంగతి ఇదే.

"లేదండీ. ఆరు పడింది" అన్నాను.

"అప్పుడేం చేశారు?"

"కొనేశానండీ."

స్టాఫ్ రూములో ఎవరో నవ్వారు. ఫోన్లో కూడా ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.

"మీరు ఏ పత్రిక నుంచండీ?" అన్నాను.

"పత్రిక కాదండీ. నేను ఉషని."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ తెలియదు. ఆమె మావయ్య ఫోన్ సంగతీ, బంటుమిల్లి సంబంధం సంగతీ మొత్తం చెప్పింది. ఆయన ఒక్కరే కూర్చుంటున్నారన్న మాట చెప్పినప్పుడు నిలబడ్డవాణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాను. చివర్న "మేము ఆదివారం మాస్టారి దగ్గరకి వెళ్తున్నాం. మీరూ రండి. మీతో ఇంకో పరీక్ష చేయించాలి" అంది.

ఆదివారం నేను వెళ్ళేసరికే సత్యనారాయణ గారూ ఉషా అరుగు మీద ఉన్నారు. సత్యనారాయణ గారు మావయ్యకి బ్యాంకుల చరిత్ర మొదటి నుంచి చెప్తున్నారు. మావయ్య మొహం చూస్తే ఆ ఫోనే నయమనుకుంటున్నట్టుంది. ఉష అత్తయ్యని అడిగి ఒక తువ్వాలు తెచ్చింది.

"కళ్ళకి గంతలు కడతానండీ. మీ అమ్మగారికి ఒక్క ఫోన్ చేయండి చాలు" అంది.

"ఎందుకమ్మా పాపం" అన్నారు మావయ్య.

"ఉండండి మావయ్యా" అని నేనే కూర్చున్నాను. ఇంకా లోపల ఎక్కడో నమ్మకం చావలేదు.

ఆ గంతల కింద నాకు మొదట తెలిసిన సంగతి ఏమిటంటే, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారో జాలిపడుతున్నారో తెలియదు. అద్దం మీద వేలు పెట్టాను, గుర్రుమంది. జరిపాను, గుర్రుమంది. ఇక్కడ ఎక్కడైనా ఒక్క బొడిపె తగిలితే బాగుండునని వేళ్ళన్నీ వెతికాయి. గచ్చు నేల మీద జారినట్టు జారిపోతున్నాయి. ఆ వస్తువు మీరు ఏం చేసినా ఒకే జవాబు చెప్తుంది. తప్పు చేసినా అదే, ఒప్పు చేసినా అదే.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఫోను జేబులోంచి దానంతటది గుడివాడ వెళ్ళకుండా, మొన్నటి ఫోన్ తర్వాత అత్తయ్య పక్కింటి అమ్మాయి చేత దానికి తాళం పెట్టించింది. అలా తాళం వేసిన అద్దం మీద కూడా ఒక గడి పనిచేస్తుంది. ఆపదలో ఉన్నవాళ్ళు పోలీసులకి చేసుకునే గడి అది. నా వేలు వెతికి వెతికి సరిగ్గా దాన్నే పట్టుకుంది. మోగింది. నా మొహం వెలిగిపోయింది.

"చూశారా, పడింది. అమ్మా?" అన్నాను.

"అమ్మేంటి? పోలీస్ కంట్రోల్ రూము. ఏం జరిగింది?" అంది ఒక మగ గొంతు.

కంగారులో మనిషి నోటికి నిజమే వస్తుంది. "ఏం లేదండీ, కళ్ళకి గంతలు కట్టారండీ, ఏం నొక్కానో కనబడలేదు" అన్నాను.

"గంతలు కట్టారా? ఎవరు కట్టారు?"

"గుడివాడ వాళ్ళండీ."

"ఎక్కడున్నావ్ బాబూ నువ్వు?"

"అవనిగడ్డలో, విశ్వనాథం మాస్టారింట్లో అండీ. సార్, పొరపాటున..." అంటూ పెట్టేద్దామని ఎక్కడో నొక్కాను. గుర్రుమంది. ఫోన్ ఆగిందనుకుని బల్ల మీద పెట్టేశాను. నేను నొక్కింది పెట్టేసే గడి కాదట. మన గొంతు అవతలికి వెళ్ళకుండా చేసే గడిట. కంట్రోల్ రూములో ఆయన చెవికి, గంతలు కట్టించుకున్న ఒక మనిషి గొంతు మాట మధ్యలో హఠాత్తుగా ఆగిపోయింది.

ఇవతల మాకు ఆ సంగతేమీ తెలియదు. నేను గంతలు విప్పకుండానే మావయ్య చెయ్యి వెతికి పట్టుకున్నాను.

"బాగాలేదని ఒక్క మాట ఎందుకు అనలేదు మావయ్యా?"

"నువ్వు అంత సంబరంగా చెప్తుంటే ఎలా అంటాన్రా. నా కోసం ఇంత ఆలోచించినవాడు ఎవడున్నాడు? ఒక్క ముక్క నన్ను అడిగి ఉంటే బాగుండేది, అంతే" అన్నారాయన.

నేను క్షమించమని అడిగాను. ఆయన నా తల నిమిరారు. సత్యనారాయణ గారు కూడా కళ్ళజోడు తుడుచుకున్నారని తర్వాత ఉష చెప్పింది. ఆమె లేచి నా గంతల ముడి విప్పబోతోంది. ముడి బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు ఆగింది.

హెడ్‌ కానిస్టేబులూ, మరో కానిస్టేబులూ గబగబా అరుగెక్కారు. వాళ్ళకి కనబడింది ఇది: కళ్ళకి తువ్వాలుతో ఏడుపు మొహంతో నేను, నా వెనక నిలబడి ఆ తువ్వాలు గట్టిగా లాగుతున్న అమ్మాయి.

"ఎవరమ్మా ఈయనకి గంతలు కట్టింది?" అన్నాడు హెడ్‌.

"నేనేనండి" అంది ఉష.

"ఎందుకు కట్టావ్?"

"ఈయనకి విషయం అర్థమవ్వాలనండి."

హెడ్‌ నా వైపు తిరిగాడు. "భయపడకుండా చెప్పు బాబూ. నిన్ను ఇక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"ఈవిడేనండి."

"రాకపోతే ఏం చేస్తామన్నారు?"

"బంటుమిల్లి వాళ్ళని పిలుస్తారండీ" అన్నాను. నా నోరు నాకు ఆ రోజు ఏ రకంగానూ సహకరించలేదు.

అత్తయ్య అందరికీ కాఫీలు తెచ్చింది. మావయ్య మొదటి నుంచి నిదానంగా చెప్పుకొచ్చారు. ఫోను, వణుకు, పశువుల డాక్టరు, గుడివాడ, అన్నీ. హెడ్‌ కాఫీ తాగుతూ విన్నాడు. కానిస్టేబులు నవ్వు కనబడకుండా వీధివైపు తిరిగి నిలబడ్డాడు గానీ, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక హెడ్‌ నిట్టూర్చాడు.

"బాగానే ఉంది మాస్టారూ. కానీ పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదా. ఎవరో గంతలు కట్టారంటే వచ్చాం. కట్టిన అమ్మాయికి ఈ అబ్బాయి ఏమవుతాడని చెప్పను?"

సత్యనారాయణ గారు ఇబ్బందిగా కదిలారు. "అదేనండీ, అదింకా తేలలేదు. అసలు ఈ విషయంలో మొదట ఏం జరిగిందంటే..." అని మొదలెట్టబోయారు. హెడ్‌ మొహంలో భయం కనబడింది.

"నాన్నా, కాబోయే అల్లుడని చెప్పేయండి. కాఫీ చల్లారిపోతోంది" అంది ఉష.

అలా కుదిరింది మా పెళ్ళి. అరుగు మీద, ఇద్దరు పోలీసుల సాక్షిగా. నేను గంతలు మెడలోకి జార్చుకుని, నిజమేనా అని ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఒకసారి ఉషని అడిగాను, ఇంత జరిగాక ఎలా ఒప్పుకున్నావని. "తొమ్మిది పడిందాండీ అంటే, పడిందని అనేయొచ్చు. మీరు ఆరు పడిందన్నారు. అంతటి నిజం చెప్పాక ఇంక దాచేదేం ఉంటుందిలే అనుకున్నాను" అంది.

మావయ్యకి ఆ ఆదివారం మర్నాడే మళ్ళీ బొత్తాల ఫోను వచ్చింది. ఈసారి నేను కొనలేదు, నేనూ ఆయనా కలిసి కొట్టుకి వెళ్ళాం. కొట్టువాడు ఇచ్చిన ప్రతిదాన్నీ ఆయనే తడిమి, ఐదు మీద బొడిపె గట్టిగా ఉన్నది ఏరుకున్నారు. నేను పక్కన నిలబడి సంచీ పట్టుకున్నాను.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక అత్తయ్య పట్టుబట్టింది, ఇలాంటి పని ఇంకెప్పుడూ చేయనని అందరి ముందూ చెప్పాల్సిందేనని. నేను లేచి నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచి, వినయంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరికి ఏ వస్తువు ఇవ్వాలనుకున్నా ముందు వాళ్ళనే అడుగుతాను, వాళ్ళ చేతికే ఇచ్చి చూస్తాను, అది వాళ్ళకి పనికొచ్చిందో లేదో వాళ్ళే చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య మాత్రం పడక్కుర్చీలో వెనక్కి వాలి అన్నారు:

"ఒరేయ్, నీ కళ్ళు మూయడానికంటే ఉష తువ్వాలు కట్టింది. ఆ నోరు మూయడానికి ఏం కడుతుందో పాపం."